కాల్షీట్ లెక్క తెలిసినవారికి క్లౌడ్‌లో కొలువు

హైదరాబాద్‌లో సినిమా జనం ఉండే కృష్ణానగర్‌లో ఏ ప్రొడక్షన్ మేనేజర్‌నైనా కదిపి చూడండి, అద్దెల లెక్క నోటికి చెబుతారు. క్రేన్ ఏ పూటకి కావాలి, జనరేటర్ వ్యాన్‌ని ఎన్నింటికి వెనక్కి పంపాలి, రేపటి సీనుకు ఏ లైట్లు అక్కర్లేదు అన్నీ ఆయనకు తెలుసు. వాడని సామానుకు అద్దె, దాని వెంట వచ్చిన మనిషికి బత్తా కట్టడానికి ఆయన ఒప్పుకోరు. క్లౌడ్ కంప్యూటింగ్‌లో, అంటే ఇంటర్నెట్ ద్వారా సర్వర్లు అద్దెకు తీసుకునే రంగంలో, ఇప్పుడు సరిగ్గా ఈ చూపున్న మనుషులు కావాలి. ఆ అద్దె ఖర్చును అదుపులో ఉంచే పని పేరు ఫిన్‌ఆప్స్. ఉద్యోగ ప్రకటనల్లో క్లౌడ్ కాస్ట్ అనలిస్ట్, ఫిన్‌ఆప్స్ ఇంజినీర్ అని కనిపిస్తుంది. కోడింగ్ రాదు కాబట్టి సాఫ్ట్‌వేర్ మనకు కాదని ఆగిపోయిన బీకాం పిల్లలు, సినిమా ఆఫీసుల్లో అకౌంట్స్ రాసేవాళ్లు ఈ దారి గురించి తప్పక తెలుసుకోవాలి.

సినిమాకూ క్లౌడ్‌కూ సంబంధం దగ్గరిదే. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున రెండున్నర గంటల సినిమాలో 2,16,000 ఫ్రేములుంటాయి. 2012లో వచ్చిన ‘ఈగ’లో కథానాయకుడే గ్రాఫిక్స్. ఆ పనికి మకుట సంస్థకు జాతీయ పురస్కారం వచ్చింది. అలాంటి సినిమాలో ఒక్క ఫ్రేము రెండర్ కావడానికే, అంటే కంప్యూటర్ దాన్ని పూర్తి బొమ్మగా తయారు చేయడానికే, కొన్నిసార్లు గంటలు పడుతుంది. విడుదలకు ముందు నెలలో వందల కంప్యూటర్లు కావాలి, విడుదలయ్యాక ఒక్కటీ అక్కర్లేదు. అందుకే సొంతంగా కొనడం కంటే గంటల లెక్కన అద్దెకు తీసుకోవడం చాలా స్టూడియోలకు నయం. అమెజాన్ 2024 ఏప్రిల్‌లో డెడ్‌లైన్ క్లౌడ్ అనే రెండరింగ్ సేవనే విడిగా తెచ్చింది.

రెండరింగ్‌లో పెద్ద వెసులుబాటు ఒకటుంది. ఏ ఫ్రేము పని దానిదే కాబట్టి మధ్యలో ఒక మెషీన్ పోయినా ఆ ఫ్రేమును మళ్లీ మొదలుపెడితే సరిపోతుంది. అమెజాన్ తన దగ్గర ఖాళీగా ఉన్న సర్వర్లను స్పాట్ పేరుతో మామూలు ధర మీద 90 శాతం వరకు తగ్గించి ఇస్తుంది. కావలసివస్తే రెండు నిమిషాల ముందు చెప్పి వెనక్కి తీసుకుంటుంది. రెండరింగ్‌కు ఇది చక్కగా సరిపోతుంది. టికెట్లు అమ్మే సైటు డేటాబేస్‌ను మాత్రం దాని మీద పెట్టకూడదు. పని స్వభావాన్ని బట్టి అద్దె రకాన్ని ఎంచుకోవడం ఈ వృత్తిలో మొదటి పాఠం.

అసలు పని మెషీన్ సైజును వాడకానికి సరిపెట్టడం. దీన్నే రైట్‌సైజింగ్ అంటారు. ప్రాజెక్టు మొదలయ్యేటప్పుడు ఎందుకైనా మంచిదని పెద్ద సర్వర్ తీసుకుంటారు, తర్వాత దాన్ని ఎవరూ ముట్టుకోరు. ఒకే రకంలో ఒక సైజు దిగితే గంట అద్దె సాధారణంగా సగమవుతుంది. అలాగని సీపీయూ సగటు పది శాతమే ఉందని వెంటనే సైజు తగ్గించేయకండి. సగటు వెనక నెలాఖరు రద్దీ దాగి ఉండవచ్చు. సర్వర్ల వాడకాన్ని చూపించే అమెజాన్ క్లౌడ్‌వాచ్‌లో మెమరీ వాడకం దానంతట అది కనిపించదు, దానికి ఏజెంట్ అనే ప్రోగ్రామ్ విడిగా పెట్టుకోవాలి. సీపీయూ ఖాళీగా ఉండి మెమరీ నిండిపోయిన సర్వర్‌ను తగ్గిస్తే సైటే కూలిపోతుంది. కనీసం ఒక నెల గ్రాఫ్ చూసి, ఆ సర్వర్ నడిపే టీమ్‌తో మాట్లాడి, ముందు టెస్ట్ సర్వర్ మీద మార్చి చూసి, ఏమైనా తేడా వస్తే వెనక్కి వెళ్లే దారి ఉంచుకుని అడుగు వేయాలి. సైజు తగ్గించమని సాఫ్ట్‌వేర్ ఇచ్చే సిఫారసును కాపీ చేసి పంపడం ఎవరైనా చేస్తారు. ఆ సిఫారసు ఎక్కడ తప్పవుతుందో పట్టుకోగలిగిన మనిషికే జీతం ఇస్తారు.

పని లేని వేళల్లో సర్వర్లు ఆపడం ఇంకో పొదుపు. వారానికి 168 గంటలు. టెస్టింగ్ సర్వర్లు సోమవారం నుంచి శుక్రవారం వరకు రోజుకు పది గంటలే నడిస్తే 50 గంటలతో సరిపోతుంది, ఆ సర్వర్ల అద్దె 70 శాతం మిగులుతుంది. అయితే సర్వర్ ఆపినా దాని డిస్కుకు ఛార్జీ ఆగదు. చాలామంది కొత్తవాళ్లు ఇక్కడే పొరబడతారు.

వరస కూడా ముఖ్యం. ముందు అక్కర్లేనివి ఆపాలి, తర్వాత సైజు సరిచేయాలి, ఆ తర్వాతే ఒకటి లేదా మూడేళ్ల ఒప్పందంతో వచ్చే డిస్కౌంట్ తీసుకోవాలి. డిస్కౌంట్ ఆశతో ముందే సంతకం పెడితే, అక్కర్లేని పెద్ద మెషీన్‌కే మూడేళ్లు కడుతూ ఉండాలి. నా దృష్టిలో ఈ రంగంలో అన్నిటికన్నా ఖరీదైన తప్పు ఇదే.

నేర్చుకోవడానికి దూరం వెళ్లనక్కర్లేదు. కృష్ణానగర్ పక్కనే యూసఫ్‌గూడలో మెట్రో ఎక్కితే ఒకవైపు అమీర్‌పేట కోచింగ్ సెంటర్లు, అదే లైన్లో మరోవైపు హైటెక్ సిటీ కంపెనీలు. అమెజాన్ 2022 నవంబర్‌లో హైదరాబాద్‌లోనే తన క్లౌడ్ రీజియన్, అంటే డేటా సెంటర్ల సముదాయం, తెరిచింది. ఎక్సెల్, ఎస్‌క్యూఎల్, లైనక్స్ ప్రాథమికాలతో మొదలుపెట్టండి. ఆ పైన అమెజాన్ క్లౌడ్ ప్రాక్టీషనర్ సర్టిఫికేట్, తర్వాత లైనక్స్ ఫౌండేషన్ గొడుగు కింద ఉన్న ఫిన్‌ఆప్స్ ఫౌండేషన్ ఇచ్చే సర్టిఫైడ్ ప్రాక్టీషనర్. ఈ పరీక్షల ఫీజులు డాలర్లలో ఉంటాయి కాబట్టి రెండూ ఒకేసారి కట్టకండి. మొదటిది పాసై, చేతితో కొంత పని చేశాక రెండోదానికి వెళ్లండి.

క్లౌడ్‌లో సొంత ఖాతా తెరిచిన రోజే బడ్జెట్ అలర్ట్ పెట్టుకోండి. అది మీకు హెచ్చరిక పంపుతుందే గానీ సర్వర్లను ఆపదు. ఒక చిన్న సైటు నడపండి, నాలుగు వారాల వాడకాన్ని షీటులో రాయండి, సైజు తగ్గించండి, ముందటి బిల్లు, తర్వాతి బిల్లు పక్కపక్కన పెట్టండి. ఇంటర్వ్యూలో ‘ఈ సర్వర్ సైజు ఎందుకు తగ్గించారు?’ అని అడుగుతారు. ఆ షీటు తెరిచి, ఏ గంటలో ఎంత వాడకం ఉందో చూపించి, తగ్గించకుండా వదిలేసినవి ఏవో, ఎందుకు వదిలేశారో కూడా చెప్పండి.