తాగేవాళ్లను లెక్కపెట్టి సీసా ఎంచుకోండి

ప్రశ్న: మా బ్రూవరీలో 32 ఔన్సుల గ్రౌలర్లు (బీరు నింపించుకుని ఇంటికి తెచ్చుకునే సీసాలు) రెండు నింపించుకోవడం కన్నా 64 ఔన్సులది ఒకటి నింపించుకుంటే చవక. కానీ ఇంట్లో తాగేది నేనొక్కణ్నే. రెండో రోజుకే బీరు చప్పబడిపోతోంది, మిగిలింది పారబోస్తున్నాను. లోపం ఎక్కడుంది?
– ఒక పాఠకుడు, డెన్వర్

జవాబు: సీసా సైజులోనే ఉంది. 64 ఔన్సులంటే దాదాపు 1.9 లీటర్లు, అంటే నాలుగు అమెరికన్ పింట్లు. మూత తీసినప్పటి నుంచి గ్యాస్ పోతూనే ఉంటుంది. గ్లాసులోకి వంచుకున్న ప్రతిసారీ సీసాలో అంత మేర గాలి చేరుతుంది. ఆ గాలిలోని ఆక్సిజన్‌కు ముందుగా హాప్స్ పరిమళం పోతుంది, తర్వాత తడిసిన అట్టముక్క వాసన మొదలవుతుంది. మూత తీసిన గ్రౌలర్‌ను ఆ రాత్రికే, మహా అయితే మర్నాటి సాయంత్రానికి ముగించాలి. పారబోసిన బీరుకూ మీరు డబ్బు కట్టారు కాబట్టి అది చవక బేరం కాదు. మీకు 32 ఔన్సులదే సరైనది. నలుగురు కూర్చునే రోజున 64 తెచ్చుకోండి. పెద్ద సీసాలో సగమే పోయించుకోవడం మాత్రం వద్దు. పైన ఖాళీగా ఉన్న చోటంతా గాలే ఉంటుంది.

ప్రశ్న: శనివారం మిత్రులు వస్తున్నారు. వారం ముందే బీరు తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టవచ్చా? గాజు గ్రౌలర్ మంచిదా, క్రౌలరా?
– ఒక పాఠకురాలు, ఆస్టిన్

జవాబు: వారం ఆగాలంటే క్రౌలరే తీసుకోండి. ఇది సాధారణంగా 32 ఔన్సుల డబ్బా. లోపలి గాలిని కార్బన్ డయాక్సైడ్‌తో తరిమి, బీరు నింపి, మీ కళ్లెదుటే మిషన్‌తో మూత బిగిస్తారు. కొలరాడోకు చెందిన ఆస్కార్ బ్లూస్ బ్రూవరీ, బాల్ కంపెనీతో కలిసి దీన్ని ప్రచారంలోకి తెచ్చింది. డబ్బాలోకి వెలుతురు పోదు. గాజు సీసాకు ఆ భయం ఉంది: ఎండ తగిలితే హాప్స్‌లోని చేదు పదార్థాలు విరిగి దుర్వాసన పుడుతుంది. అందుకే గాజైతే ముదురు గోధుమరంగుదే కొనండి. కొళాయి నుంచి నింపిన గాజు గ్రౌలర్ మూత తీయకపోయినా కొద్ది రోజులే బాగుంటుంది. క్రౌలర్‌ను ఒకసారి తెరిస్తే మళ్లీ మూయలేం. కాబట్టి మిత్రులు వచ్చాక ఒకటి పూర్తయ్యాకే మరొకటి తెరవండి.

ప్రశ్న: నాకు 10 శాతం ఆల్కహాల్ ఉండే ఇంపీరియల్ స్టౌట్ ఇష్టం. దానికీ 64 ఔన్సుల సీసా తీసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, టాంపా

జవాబు: మీ ఫ్లోరిడాలో 2015 దాకా 32, 128 ఔన్సుల గ్రౌలర్లకే అనుమతి ఉండేది, 64కు లేదు. ఆ ఏడాది జూలై నుంచి అదీ వచ్చింది. అయినా మీ స్టౌట్‌కు అది వద్దు. అమెరికా లెక్కలో 5 శాతం బీరు 12 ఔన్సులు ఒక డ్రింకు. ఆ ప్రకారం 10 శాతం స్టౌట్ 32 ఔన్సుల్లోనే ఐదు డ్రింకులకు పైగా ఉంటాయి. 64 ఔన్సుల్లో పదికి పైమాటే. కాబట్టి 32 ఔన్సులది కూడా ఒక్కరే తాగేది కాదు, ఇద్దరు ముగ్గురు పంచుకోవాల్సింది.

చివరగా అందరికీ ఒక మాట. నింపిన గ్రౌలర్‌ను మూత తీయకుండా కారు డిక్కీలో పెట్టి నేరుగా ఇంటికి తీసుకెళ్లండి, వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి. తాగాక మాత్రం స్టీరింగ్ ముట్టుకోవద్దు.