టైరు పేలకముందే చూసుకోండి

ఎండలు ముదిరాయంటే హైవే మీద బండి నడిపేవాళ్లందరికీ టైరు ఎక్కడ పేలుతుందోనన్న భయమే. ఆ భయంతో వేసవిలో గాలి తగ్గించి పట్టించేవాళ్లు చాలామంది ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. గాలి తక్కువైతే చక్రం తిరిగిన ప్రతిసారీ టైరు పక్క భాగం మామూలు కంటే ఎక్కువ నలుగుతుంది. ఆ నలుగుడుకే వేడెక్కి, లోపలి దారాలు రబ్బరు పట్టు వదిలేస్తాయి. దానికి ఓవర్‌లోడు, స్పీడు, ఎండ తోడైతే టైరు పేలుతుంది.

ఎంత గాలి ఉండాలో చాలా కార్లలో డ్రైవరు డోరు తెరిస్తే కనిపించే స్టిక్కరు మీద ఉంటుంది. టైరు మీద అచ్చేసిన అంకె గరిష్ఠ పరిమితి, రోజూ పట్టించాల్సిన లెక్క కాదు. పొద్దున్నే బండి తీయకముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి చూసుకోవాలి. దారిలో వేడి మీద గాలి ఎక్కువ చూపించడం మామూలే, అప్పుడు తీయకూడదు. స్టెప్నీని కూడా మరిచిపోవద్దు.

గాలి చూశాక టైరు చుట్టూ చెయ్యి పెట్టి తడమండి. పక్కన ఎక్కడైనా ఉబ్బు తగిలిందంటే లోపల దారాలు తెగినట్టే. ఆ టైరుతో ఇంకో ట్రిప్పు వద్దు. టైరు మీది గాళ్ల అడుగున చిన్న దిమ్మెలుంటాయి, వాటి ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. గ్రిప్పు వాటి దాకా అరిగితే టైరు మార్చాలి. సెకండ్‌హ్యాండ్ టైరు కొనేటప్పుడు టైరు పక్కన డీఓటీ (DOT) అని మొదలయ్యే వరసలో చివరి నాలుగు అంకెలు చదవండి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైనది. లారీ వాళ్లు జంట టైర్లలో లోపలి దాన్ని కూడా విడిగా చూడాలి. అందులో గాలి దిగితే బరువంతా బయటి టైరు మీదే పడుతుంది. రెంటి మధ్య ఇరుక్కున్న రాళ్లు తీసేయండి.

ఇంత చూసుకున్నా టైరు పేలితే బ్రేకు మీద కాలు వేయకండి. స్టీరింగు రెండు చేతులతో గట్టిగా పట్టుకుని బండిని తిన్నగా ఉంచండి. యాక్సిలరేటరు మీద నుంచి కాలు మెల్లగా తీసి, వేగం బాగా తగ్గాకే ఎడమ అంచుకు తీసుకెళ్లండి. హజార్డ్ లైట్లు వేసి, మనుషుల్ని రోడ్డుకు దూరంగా నిలబెట్టి, వెనక కనీసం 50 మీటర్ల దూరంలో త్రికోణం బోర్డు పెట్టండి. జాతీయ రహదారి అయితే 1033కి ఫోన్ చేయండి.

పంచర్ షాపులో పనిచేసే తమ్ముళ్లకూ ఒక మాట. గాలి లేకుండా దూరం నడిచొచ్చిన లారీ టైరు లోపల వైర్లు దెబ్బతిని ఉండొచ్చు. దాన్ని విప్పి లోపలా బయటా చూడకుండా గాలి కొట్టొద్దు. కొట్టేటప్పుడు ఇనుప బోనులో పెట్టి, పొడుగు పైపుతో పక్కకు నిలబడండి. టైరు మీదికి వంగొద్దు.

ఇక డ్రైవర్లకు ఒక మాట. ఓనరు “ఈ ఒక్క ట్రిప్పు లాగెయ్” అంటే గొడవపడక్కర్లేదు. ఉబ్బిన చోటు, అరిగిన చోటు ఫొటో తీసి, “అన్నా, ఈ టైరు మార్చాకే బండి తీస్తా” అని వాట్సాప్‌లో పెట్టండి. మాట రాతలో ఉంటే రేపు ఏదైనా జరిగినప్పుడు, ముందే చెప్పారనడానికి మీ దగ్గర ఆధారం ఉంటుంది.