తిరుగుడు లేని విద్యుదుత్పాదక యంత్రం

వేసవిలో విద్యుత్ సరఫరా ఆగిన మరుక్షణం అంగళ్ల ముందు డీజిల్ జనరేటర్ల మోత మొదలవుతుంది. ఆ యంత్రంలో జరిగే పనిని మన పాఠ్యగ్రంథాలు వివరించే ఉన్నాయి. సిలిండరులో ఇంధనం మండుతుంది. వేడెక్కిన వాయువు వ్యాకోచించి పిస్టన్‌ను నెడుతుంది. కనెక్టింగ్ రాడ్, క్రాంక్ షాఫ్ట్ ఆ ముందువెనుకల చలనాన్ని భ్రమణ చలనంగా మారుస్తాయి. ఆ భ్రమణం వల్ల జనరేటరు విద్యుత్తునిస్తుంది. ఇక్కడ ఒక సందేహం కలుగుతుంది. విద్యుత్తు పుట్టడానికి ఏదైనా తిరిగి తీరవలెనా?

అక్కరలేదని ఫారడే 1831లోనే చూపాడు. తీగచుట్టలోకి దండాయస్కాంతాన్ని చొప్పిస్తే గాల్వనామీటరు ముల్లు ఒక వైపునకు, వెలికి లాగితే రెండవ వైపునకు కదలడం మన ప్రయోగశాలలో అందరూ చూచినదే. చేతికి బదులు పిస్టనే ఆ అయస్కాంతాన్ని ఆడిస్తే క్రాంక్ షాఫ్ట్‌తో పని ఉండదు. స్వేచ్ఛా పిస్టన్ యంత్రానికి రేఖీయ జనరేటరును జోడించడంలోని మూలసూత్రం ఇంతే.

స్వేచ్ఛా పిస్టన్ కొత్తది కాదు. అర్జెంటీనాకు చెందిన పెస్కారా 1928లో దీనిపై అమెరికా పేటెంటు పొందాడు. రెండవ ప్రపంచయుద్ధంలో జర్మన్ జలాంతర్గాములలో గాలిని సంపీడనం చేయడానికి యుంకర్స్ వారి ఇటువంటి యంత్రాలే ఉండేవి. 1956లో జనరల్ మోటార్స్ ఒక ప్రయోగాత్మకమైన కారును కూడా దీనితో నడిపింది. అయినను ఈ యంత్రం విస్తృతంగా వాడుకలోకి రాలేదు. ఎందుకు?

మొదట దీని గుణాలు చూద్దాం. మామూలు యంత్రంలో కనెక్టింగ్ రాడ్ వాలుగా నిలిచినపుడు పిస్టన్‌ను సిలిండరు గోడకు ఒత్తుతుంది, అక్కడ ఘర్షణ. స్వేచ్ఛా పిస్టన్‌కు ఆ ప్రక్కబలం లేదు. మేము కూడా ఇదే దీని ముఖ్యప్రయోజనమని చాలాకాలం భావించాము. ఆలోచించగా అంతకంటె పెద్ద ప్రయోజనం వేరొకటి కనిపించింది: సంపీడన నిష్పత్తి లోహంలో కొలిచి బిగించినది కాదు. పిస్టన్ ఎంతదూరం పోతే అంత. కనుక ఇంధనాన్ని బట్టి దానిని మార్చుకొనవచ్చు.

కాని దోషం కూడా అక్కడే పుట్టింది. పిస్టన్ ఎక్కడ ఆగవలెనో చెప్పే క్రాంక్ లేదు; ఒక దహనానికీ మరొక దహనానికీ నడుమ శక్తిని దాచే ఫ్లైవీల్ లేదు. ఒకసారి ఇంధనం సరిగా మండకపోతే తరువాతి వాయుమిశ్రమాన్ని అదమడానికి బలం చాలక యంత్రం ఆగిపోతుంది. ఎక్కువగా మండితే పిస్టన్ సిలిండరు తలకు తగులుతుంది. సెకనుకు 25 సార్లు ఆడుతుందనుకుంటే ఒక్కొక్క ఆవృత్తికి 40 మిల్లీసెకన్లే. అంతలోనే స్థానాన్ని కొలిచి, లెక్కకట్టి, సరిదిద్దాలి. ఆనాటి యాంత్రిక సాధనాలకు ఇది మించిన పని.

ఈ చిక్కును విప్పినది జనరేటరే. తీగచుట్టలో ప్రవాహాన్ని పెంచితే అయస్కాంతం మీద నిరోధం పెరుగుతుంది, తగ్గిస్తే తగ్గుతుంది, ఎదురు ప్రవాహమిస్తే అదే మోటారై పిస్టన్‌ను నెడుతుంది. యంత్రాన్ని మొదట నడిపించేదీ అదే. అర్ధవాహక స్విచ్చులు, వేగంగా లెక్కించే ఎలక్ట్రానిక్ సాధనాలు వచ్చిన పిమ్మటనే ఇది సాధ్యమైంది. పుట్టిన విద్యుత్తు 50 సైకిళ్ల చక్కని తరంగం కాదు గనుక, దానిని ఏకముఖ ప్రవాహంగా మార్చి, మరల ఇన్వర్టరు ద్వారా సరఫరాకు తగినట్లు చేస్తారు. ఈ మార్పిడిలో కొంత నష్టం తప్పదు. ప్రశంసించేవారు ఈ మాటను తరచుగా మరచిపోతారు.

జర్మనీ అంతరిక్ష పరిశోధన సంస్థ డీ.ఎల్.ఆర్. 2013లోను, టొయోటా పరిశోధనశాల 2014లోను తమ నమూనాలను వెల్లడించాయి. టొయోటా యంత్రంలో ఒక ప్రక్క దహనం, రెండవ ప్రక్క పిస్టన్‌ను వెనుకకు త్రోసే గాలిస్ప్రింగు. కాలిఫోర్నియాలో 2010లో స్థాపించిన మెయిన్‌స్ప్రింగ్ సంస్థ భవనాలకు, కర్మాగారాలకు విద్యుత్తునిచ్చే రేఖీయ జనరేటర్లను తయారుచేసింది. వాటిలో నిప్పురవ్వతో పని లేదు. సంపీడనంతోనే ఇంధనం గాలితో చర్య జరుపుతుంది. సహజవాయువుకు, బయోగ్యాసుకు అదే యంత్రం.

ఆసక్తిగల విద్యార్థులు ఒక చిన్న ప్రయోగం చేసి చూడవచ్చు. స్ప్రింగుకు దండాయస్కాంతాన్ని వ్రేలాడదీసి, తీగచుట్టలో పైకి క్రిందికి ఆడనివ్వండి. చుట్ట కొనలు విడిగా ఉన్నపుడు ఎంతసేపు ఆడుతుందో గడియారంతో చూడండి. తరువాత కొనలను కలపండి. ఆట త్వరగా అణగిపోతుంది. పిస్టన్‌ను పట్టి నిలిపే బలం అదే.