బిళ్ల చిన్నది, పని పెద్దది

మదనపల్లె దగ్గర ఒక పల్లె. అక్కడ వదినా మరదళ్లు కలిసి టమాటా పండిస్తారు. పంటను మార్కెట్టుకు తోలడానికి వాళ్లకు ఒక పాత పికప్ బండి ఉంది. మరదలే దాన్ని నడుపుతుంది.

కొన్నాళ్లుగా బండి కింద నేల తడుస్తోంది. రేడియేటర్‌లో రోజూ చెంబెడు నీళ్లు తగ్గుతున్నాయి. మరదలు బోరు నీళ్లు పోసి బండి తీస్తోంది.

ఒకరోజు తెల్లవారుజామున టమాటా పెట్టెలతో బయల్దేరారు. దారిలో వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాకా పోయింది. మరదలు బండి పక్కకు తీసి, ఇంజను ఆపేసింది. వదిన రేడియేటర్ మూత మీద చెయ్యి వేసింది.

"వద్దు వదినా! ఇప్పుడు మూత తీస్తే మరిగే నీళ్లు మొహాన చిమ్ముతాయి. చల్లారనీ."

పెట్టెలు వేరే ఆటోలో పంపారు. పికప్‌కు తాడు కట్టించి షెడ్డుకు చేర్చారు.

మెకానిక్ టార్చిలైటు వేసి చూశాడు. ఇంజను పక్కన, పొగగొట్టం వెనకాల, ఒక గుండ్రటి రేకు బిళ్ల ఉంది. కుంకుమ భరిణె మూతంత ఉంటుంది. అది తుప్పు పట్టింది. దాని అంచున నీళ్లు ఊరుతున్నాయి.

"దీన్ని కోర్ ప్లగ్ అంటారు అక్కా. ఫ్రీజ్ ప్లగ్ అని కూడా అంటారు."

"పైన ఏదైనా ముద్ద పూసి పంపు అన్నా. రేపు మళ్లీ కోత ఉంది" అంది వదిన.

"నిలవదు అక్కా. ఇంజను వేడెక్కితే లోపల నీళ్లు గట్టిగా తోస్తాయి. దారిలో బిళ్ల ఊడితే నీళ్లన్నీ పోతాయి. అట్లాగే నడిపితే ఇంజను హెడ్డు వంకర పోతుంది. బిళ్లకయ్యే ఖర్చు కొంచెమే. హెడ్డు పోతే వేలల్లో అవుతుంది."

వదినా మరదళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "సరే, మార్చు" అన్నారు.

ఈ బిళ్ల ఎందుకు?

ఇంజను దిమ్మెను కరిగిన ఇనుముతో పోత పోస్తారు. లోపల నీళ్లు తిరగడానికి దారులు కావాలి. అందుకని అచ్చులో ఇసుక దిమ్మలు పెట్టి పోస్తారు. ఇనుము గట్టిపడ్డాక ఆ ఇసుకను రంధ్రాల గుండా తీసేస్తారు. ఆ రంధ్రాలను మూసేవే ఈ బిళ్లలు.

ఫ్రీజ్ అంటే గడ్డకట్టడం. నీళ్లు గడ్డకడితే ఉబ్బుతాయి. 100 లీటర్ల నీళ్లు సుమారు 109 లీటర్ల మంచు అవుతాయి. చలి దేశాల్లో అలా ఉబ్బిన మంచు ఒక్కోసారి ఈ బిళ్లను బయటికి తోసేస్తుంది. అందుకే ఆ పేరు. మన దగ్గర అంత చలి లేదు. ఇక్కడ బిళ్లను తినేది తుప్పు.

ఎలా మార్చారు?

1. ఇంజను పూర్తిగా చల్లారాక నీళ్లు దించారు.
2. చెయ్యి పట్టడానికి అడ్డమున్న పొగగొట్టం విప్పారు.
3. బిళ్ల ఒక అంచున ఉలి పెట్టి మెల్లగా కొట్టారు. బిళ్ల అడ్డం తిరిగింది. లోపలికి పడకుండా పట్టకారుతో లాగారు.
4. రంధ్రం అంచును గరుకు కాగితంతో రుద్ది, తుప్పు తుడిచారు.
5. అదే కొలత కొత్త బిళ్లకు సీలు మందు పూశారు. వంకర పోకుండా, సమంగా కొట్టి దింపారు.

పక్క బిళ్లలు కూడా అంతే పాతవి. చెయ్యి అందేవన్నీ మార్చారు. ఇత్తడి బిళ్లలు వేశారు. ఇత్తడికి ఇనుములా తుప్పు పట్టదు.

నీళ్లు కూడా మారాలి

మరదలు మళ్లీ బోరు నీళ్ల బిందె తెచ్చింది. మెకానిక్ ఆపాడు.

"బిళ్లను తిన్నది ఈ నీళ్లే అక్కా. బోరు నీళ్లలో ఉప్పులుంటాయి. అవి తుప్పు పెంచుతాయి, పొర కడతాయి. కూలెంట్ పోయాలి. అందులో తుప్పును ఆపే మందు ఉంటుంది. బ్యాటరీ నీళ్లలో, డబ్బా మీద రాసిన పాళ్లలో కలపాలి."

"పిల్లలున్న ఇల్లు. దీంతో ప్రమాదమేమన్నా ఉందా?" అడిగింది వదిన.

"ఉంది. ఇది విషం. తియ్యగా ఉంటుంది. పిల్లలు, కుక్కలు, మేకలు తాగితే ప్రాణం పోతుంది. తాగునీళ్ల సీసాలో పొయ్యొద్దు. కింద ఒలికితే వెంటనే కడగండి."

కూలెంట్ పోసి ఇంజను ఆన్ చేశారు. ముల్లు మధ్యలో నిలిచింది. బిళ్లల దగ్గర చుక్క కూడా కారలేదు.

వదిన నోటు పుస్తకం తీసింది. బిళ్లలు మార్చిన తేదీ, బండి తిరిగిన కిలోమీటర్లు, అయిన ఖర్చు కూడబలుక్కుంటూ రాసింది. పాత బిళ్లను కొంగున మూట కట్టుకుంది.

"అదెందుకు వదినా?"

"చెంబెడు నీళ్లే కదా అని మళ్లీ అనుకోకుండా!"

చెప్పండి

1. వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత ఎందుకు తియ్యకూడదు?
2. బిళ్ల ఎందుకు తుప్పు పట్టింది?
3. కూలెంట్ డబ్బాను ఇంట్లో ఎక్కడ దాచాలి?

రాయండి

రేడియేటర్, కూలెంట్, బిళ్ల, తుప్పు, ఇత్తడి

మాట్లాడుకోండి

చిన్న రిపేరు వాయిదా వేసి పెద్ద ఖర్చు తెచ్చుకున్న సందర్భం మీ ఇంట్లో ఉందా? మోటారు, కుట్టుమిషన్, సైకిల్ ఏదైనా సరే. తోటివారికి చెప్పండి.