దాదీ దగ్గర నేర్చుకునే పాఠం

ఎం.బి.బి.ఎస్. విద్యార్థులు పల్లెల్లో కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని, పలుమార్లు ఆ ఇళ్లకు వెళ్లి ఆరోగ్యం చూడాలని 2022లో జాతీయ వైద్య కమిషన్ నిర్ణయించింది. కరీంనగర్, ఆదిలాబాద్ కళాశాలల పిల్లలకూ ఇది వర్తిస్తుంది.

ఆ ఇళ్లలో పెద్దవాళ్ల దగ్గర తీరిగ్గా కూర్చోవాలి. బీపీ చూసి, రాసుకుని లేస్తే పని అయిపోయినట్టు కాదు. షుగర్ ఉన్న దాదీ రంజాన్‌లో గోళీలు ఎప్పుడు వేసుకుంటున్నారు? కొందరు పగటి గోళీ మానేస్తారు, కొందరు అన్నీ కలిపి ఇఫ్తార్‌కు వేసుకుంటారు. డాక్టరుకు చెప్పరు, చెబితే రోజా వద్దంటాడేమోనని భయం. (ఆ భయం ఉత్తది కాదు, కొందరు డాక్టర్లు అంత మాటే అంటారు.)

సహరీకి ఏం తింటారో, రాత్రి ఎన్ని గంటలు నిద్రపోతారో దాదీ చెబితేనే విద్యార్థికి తెలుస్తుంది. విద్యార్థి చెప్పవలసింది వేరే ఉంది. వేలి నుంచి చుక్క రక్తం తీసి పరీక్షిస్తే రోజా పోదని ఉలమా అంటారు. షుగర్ 70 కంటే తగ్గినా, 300 దాటినా రోజా విరమించాలి. వణుకు, చెమటలు వస్తే మగ్రిబ్ దాకా ఆగకూడదు.

గోళీల మోతాదు మార్చడం మాత్రం విద్యార్థి పని కాదు. దాదీని డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. అదీ రజబ్ నెలలోనే.