లేత్ మిషనుకు బెల్టా, మీటా?

లేత్ మిషనులో ఇనుప కడ్డీ తిరుగుతుంటే టూలు దాన్ని కోస్తుంది. కడ్డీ లావైతే నెమ్మదిగా తిప్పాలి, లేకుంటే టూలు కాలి మొద్దుబారిపోద్ది. మోటారేమో నిమిషానికి సుమారు 1440 చుట్లు తిరుగుతుంది. మరెలా?

పాత పద్ధతి మెట్ల పుల్లీ. మోటారు వైపు చిన్న పుల్లీ, అవతల రెండింతల పుల్లీ పెట్టి బెల్టు వేస్తే వేగం సగమై, తిప్పే బలం దాదాపు రెట్టింపవుతుంది. అయితే మిషను ఆపే బెల్టు మార్చాలి. తిరుగుతుండగా చెయ్యి పెడితే వేళ్లు పోతాయి.

కొత్త పద్ధతిలో ఎలక్ట్రానిక్ పెట్టె కరెంటును 50 హెర్ట్జ్ నుండి 25కు దించుతుంది. మీట తిప్పితే చాలు, వేగం సగం. అందరూ దీన్నే పొగుడుతారు గానీ ఇందులో బలం పెరగదు! లోతుగా కోస్తే మోటారు ఆగిపోవచ్చు. దాని ఫ్యాను కూడా నెమ్మదిస్తుంది కాబట్టి వేడెక్కుతుంది. అందుకే లావు కడ్డీకి ముందు బెల్టు మార్చి, ఆ తర్వాతే మీట ముట్టుకోవాలి.

— 9వ తరగతి విద్యార్థిని