ఒకచోట వ్రాసిన లెక్క రెండుచోట్ల కనబడుట

పొదుపు సంఘముల లెక్కలను నేడు కంప్యూటరులో ఎక్సెల్ పట్టికలుగా ఉంచువారు కలరు. పొదుపునకు ఒక పట్టిక, అప్పులకు మరియొకటి. ఒకే అంకెను రెండింట చేతితో వ్రాసినచో, ఏదో ఒకనాడు ఒకచోట 1,800 అనియు, వేరొకచోట 1,300 అనియు పడక మానదు. అప్పునకై వచ్చిన సభ్యురాలికి ఏ లెక్క చూపవలెను? లెక్క వ్రాసిన ఆమె మాట పడును. సంఘముపై నమ్మకము సడలును.

దీనికి ఉపాయము కలదు. అంకెను ఒక్కచోటనే వ్రాసి, రెండవ పట్టిక దానిని తానే తెచ్చుకొనునట్లు చేయవలెను. ఇందుకు మాక్రోలు అక్కరలేదు. మాక్రోల మాటున హానికరమైన ప్రోగ్రాములు వచ్చుటకు వీలున్నందున, ఇంటర్నెట్టు నుండి దిగిన ఫైళ్లలోని మాక్రోలను ఎక్సెల్ 2022 నుండి సాధారణముగా అడ్డగించుచున్నది. సూత్రములకు ఈ చిక్కు లేదు.

మొదటి పద్ధతి: అప్పుల పట్టికలోని గడిలో సమాన చిహ్నము కొట్టి, పొదుపు షీటుకు పోయి, కావలసిన గడిపై నొక్కి, ఎంటరు మీట నొక్కవలెను. పిదప ఆ గడి కుడి క్రిందిమూలనున్న చిన్న చతురస్రమును పట్టి క్రిందికి లాగినచో తక్కిన వరుసలును నిండును. పొదుపులో అంకె మారినచో ఇచ్చటను మారును.

కాని ఈ సూత్రము గడిని చూచునే గాని మనిషిని చూడదు. పొదుపు పట్టికను పేర్ల క్రమములో సర్దినచో, ఒకరి అప్పు ప్రక్కన మరియొకరి పొదుపు వచ్చి కూర్చుండును. చేతితో వ్రాసిన అప్పు కదలదు గదా!

కావున రెండవ పద్ధతియే మేలు. ప్రతి సభ్యురాలికి మారని సంఖ్య నొకటి ఇచ్చి, రెండు పట్టికలలోను వ్రాయవలెను. పొదుపు పట్టికలో అది మొదటి నిలువు వరుసగా నుండవలెను. పిదప వీ-లుకప్ అను సూత్రమునకు నాలుగు సంగతులు తెలుపవలెను: వెదకవలసిన సంఖ్య, వెదకు పట్టిక, అందులో ఎన్నవ నిలువు వరుస కావలెనో ఆ అంకె, చివర సున్న. సున్న మరచినచో వేరొకరి లెక్క వచ్చు ప్రమాదము కలదు. వెదకు పట్టికగా నిలువు వరుసలను పూర్తిగా ఎంచుకొనినచో, తరువాత పొదుపులో చేరిన సభ్యులును అందులో వత్తురు.

సూత్రమున్న గడిలో చేతితో అంకె వ్రాయరాదని మా మనవి. వ్రాసినచో సూత్రము చెరిగిపోవును. ఆనాటినుండి రెండు లెక్కలు మరల విడిపోవును. దిద్దుబాటు ఏదైనను పొదుపు పట్టికలోనే చేయవలెను.